నిన్నటి పులుసు

ఆ సినిమా పేరు ఇక్కడ రాయను. దానిమీద కోపం నాకింకా పోలేదు, ఎవరిమీద కోపం పోలేదో వాళ్ల పేరు పలికే అలవాటు నాకు లేదు. కథ చెప్తే చాలు. తెలంగాణ అబ్బాయి, నెల్లూరు సముద్రం పక్క అమ్మాయి. రెండిళ్ల యాసలు, రెండిళ్ల తిండ్లు, మధ్యలో పాటలు, చివర్లో పెళ్లి. ఆ ఏడు దాన్ని చూడనివాళ్లు తక్కువ. ఒకసారి చూసినవాళ్లు ఇంట్లో ముసలివాళ్లను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లారు. నా పెళ్లి మాట కదిలిందే ఆ సినిమా వల్ల. అందుకని దాన్ని పూర్తిగా తిట్టుకోవడానికి కూడా లేదు.

మాది తోటపల్లి గూడూరు మండలంలో ఒక పల్లె. నాయనకు ఐదెకరాల వరి, రెండు రొయ్యల గుంటలు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేసేదాన్ని. అదే ఆఫీసులో నాకు రెండు సీట్ల అవతల కూర్చునే అబ్బాయిది కరీంనగర్ వైపు పల్లె. రెండేళ్లు గడిచాక ఇద్దరం మా మా ఇళ్లలో చెప్పాం. మా అమ్మ రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు "ఆ పిలగాడు ఏం తింటాడు?" అని అడిగింది. అంటే ఒప్పుకున్నట్టే. వాళ్ల నాన్న మాత్రం ససేమిరా అన్నాడు. ఎనిమిది నెలలు ఇంట్లో ఆ మాటే ఎత్తనివ్వలేదు. అంతలో ఈ సినిమా వచ్చింది. వాళ్లమ్మ చుట్టుపక్కల ఆడవాళ్లతో కలిసి రెండుసార్లు చూసి, "ఆ పిల్లసొంటిదే అయితే మనకేం తక్కువాయె" అని భర్తను మెత్తబరిచింది.

ఆయన చివరికి ఒక మాట అన్నాడట. "ఒక్కసారి పోయి ఇల్లు జూసొస్తం. ఆడ నా మనసు ఒప్పకుంటే మళ్ల ఈ ముచ్చట నా ముంగట ఎత్తొద్దు." దానికి ఈ మహానుభావుడు సరేనని మాటిచ్చి వచ్చాడు. నన్ను అడిగాడా? లేదు. క్యాంటీన్‌లో టీ తాగుతూ ఆ సంగతి తాపీగా చెప్పాడు. ఒక్క రోజు, ఒక్క పూట భోజనం. నా రెండేళ్లూ దానిమీద పందెం పెట్టేసి వచ్చాడు. ఆ రోజునుంచీ నాకు సరిగ్గా తిండి సయించలేదు.

ఇక్కడ మా వైపు చేపల పులుసు గురించి చెప్పాలి. మేం పులుసు చేసిన పూట తినం. ఈరోజు సాయంత్రం మట్టి చట్టిలో చేసి, మామిడికాయ ముక్కలు వేసి, దించి, కదపకుండా వదిలేస్తాం. రాత్రంతా ముక్కకు పులుపు, ఉప్పు, కారం పట్టి, మర్నాటికి దానికొక రుచి వస్తుంది. అమ్మ మాట ఒకటుంది: "చెప్పకుండా వచ్చినోళ్లకి ఈరోజు పులుసు, ఎదురుచూసినోళ్లకి నిన్నటి పులుసు." ఇంటికి అల్లుడు వస్తున్నాడంటే ముందురోజే చట్టి పొయ్యెక్కాలి. వేడివేడిగా పెడితే ఆ వచ్చినవాళ్ల సంగతి మర్చిపోయామని అర్థం.

ఇంతటి మర్యాదను ఆ సినిమాలో కామెడీ చేశారు. ఇంటర్వెల్ తర్వాత, అమ్మాయి తల్లి అబ్బాయి తండ్రికి పులుసు వడ్డిస్తుంది. ఆయన లొట్టలేసుకుంటూ తింటాడు. ఎప్పుడు చేశారని అడుగుతాడు. ఆమె మురిసిపోతూ చెప్తుంది. ఆయన "నిన్నటిదా?" అని నోట్లో ఉన్నదంతా ఊసేస్తే అది గోడమీద, ఫొటోమీద, అమ్మాయి తాత గుండుమీద పడుతుంది. "ఎంగిలి మెతుకులు మాకా?" అని ఆయన ఊగిపోతుంటే డప్పులు మోగుతాయి. హాలంతా పడీపడీ నవ్వింది. మా ఆఫీసులో నెల రోజులపాటు ఎవరు డబ్బా తెరిచినా పక్కవాడు "నిన్నటిదా?" అని అదే గొంతుతో అరిచేవాడు.

నేను ఆ అబ్బాయితోనే కలిసి చూశాను. ఆ సీనుకు అతనూ నవ్వాడు. ఊరినుంచి వచ్చిన ప్రతి సోమవారం నా డబ్బాలో ఉన్న పులుసు వేళ్లు నాకి మరీ తినేవాడు నవ్వాడు. బయటికొచ్చాక అడిగాను. "అది వేరే, ఇది సినిమా" అన్నాడు. రెండు రోజులు మాట్లాడలేదు నేను.

వాళ్లు వచ్చేది ఆదివారం. శనివారం సాయంత్రం నాలుగింటికి అమ్మ పొయ్యి ముందు కూర్చుంది. నాయన పొద్దున్నే సముద్రం ఒడ్డుకు పోయి పండుగొప్ప చేప తెచ్చాడు, నడుం దగ్గర ముక్క అరచేయంత ఉంది. నేను వంటింటి గడపలో నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాను.

"అమ్మా, రేపు పొద్దున చేస్తే కాదా?"

"రేపు చేస్తే ఎప్పుడు ఊరతాదిమే? వచ్చేది ఎవురనుకున్నావు?"

చెప్పేయాల్సింది. సినిమాలో ఇలా ఉందమ్మా, వాళ్లకది తప్పుగా తోస్తుందమ్మా అని రెండు ముక్కలు. నోరు రాలేదు. ఆమె మొహంలో అంత సంబరం చూసి, నీ మర్యాద వాళ్లకు ఎంగిలిగా కనిపిస్తుందని ఎలా చెప్పను? అయినా పులుసు ఎప్పుడు చేశారని ఎవరడుగుతారు, సినిమాలో తప్ప. అలా సర్దిచెప్పుకున్నాను. పిరికిదానికి కారణాలు కొదవా?

ఆదివారం తెల్లవారే రైలు దిగి ఏడింటికల్లా ఇంటికొచ్చారు ముగ్గురూ. అతను, వాళ్లమ్మ, వాళ్ల నాన్న. వాళ్లమ్మ గడపలోనే మా అమ్మ చెయ్యి పట్టుకుని "వదినె" అనేసింది. ఆయన మాత్రం పొడుగ్గా, ఎండి, తెల్లచొక్కా గుండీలన్నీ పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చున్నాడు. దోసెలు పెడితే రెండే తిన్నాడు. నాయన గుంటలు చూపించుకొచ్చాడు. ఆయన అన్నీ చూసి "మంచిగున్నయి" అని ఊరుకున్నాడు. ఆ ఒక్క మాటను నేను పదిసార్లు తిరగేసి చూసుకున్నాను, నిజంగా అన్నాడా, మర్యాదకి అన్నాడా అని.

తొమ్మిదిన్నరకు నాయన గొంతు సవరించుకున్నాడు. "పదకొండు గంటల ఆటకు నెల్లూరులో టికెట్లు తీసినా. అందరం పోయొద్దాం" అన్నాడు. ఏ సినిమాకో చెప్పాడు. అదే సినిమా.

"వాళ్లు అలిసిపోయుండారు నాయనా" అన్నాను.

"సినిమా చూసేదానికి అలుపేందిమే? ఇంట్లో కూర్చుంటే ఒకరి మొహం ఒకరు చూసుకోవాల. ఆడైతే మూడు గంటలు మాట్లాడబన్లేదు. మన రెండు ఊళ్ల కథంట గదా, ఇద్దరికీ బాగుంటాది."

పాపం, ఆయన ఆ సినిమా చూడలేదు. అమ్మా చూడలేదు. అతని నాన్నా చూడలేదు. చూసిన వాళ్లమ్మ మూడోసారి చూడ్డానికి అప్పుడే చెప్పులేసుకుంటోంది. నేను అతనివైపు చూశాను. అతను నావైపు చూశాడు. చట్టి వంటింట్లో మూతవేసి ఉందని అతనికీ తెలుసు, పొద్దున మంచినీళ్ల వంకతో లోపలికొచ్చినప్పుడు వాసన పట్టి నవ్వాడు కూడా. ఇప్పుడు నవ్వు లేదు. అమ్మ రానంటుందేమో, వంట ఉందంటుందేమో అని ఒక ఆశ. "పులుసు ఉండాదిగా, వచ్చినాక అన్నం, రొయ్యల వేపుడు ఎంతసేపు" అని ఆమె కూడా చీర మార్చుకోవడానికి వెళ్లింది. పులుసు నిన్ననే చేయడం వల్ల ఆమెకు సినిమాకు రావడానికి తీరిక దొరికింది.

హాల్లో ఆ చివర అతని నాన్న, పక్కన నాయన, అతను, వాళ్లమ్మ, నేను, ఈ చివర అమ్మ. సినిమా మొదలైన దగ్గర్నుంచి నాకు తెర కనపడలేదు, ఆ రెండు చివరలే కనపడ్డాయి. తెలంగాణ బాబాయి పాత్ర యాసకు నాయన పగలబడి నవ్వినప్పుడు అతని నాన్న నవ్వుతున్నాడా అని చూశాను. మా వైపు మేనత్త పాత్ర గయ్యాళితనానికి వాళ్లమ్మ నవ్వినప్పుడు అమ్మ ఏమనుకుంటోందో అని చూశాను. ఇంటర్వెల్‌లో నాయన అందరికీ పాప్‌కార్న్ కొనిచ్చి "భలే తీసినాడన్నా" అని ఆయన భుజం తట్టాడు. నేను బాత్రూంకు పోయి ముఖం కడుక్కుని వచ్చాను. అమ్మకు తలనొప్పని చెప్పి బయటికి తీసుకుపోదామా అనుకున్నాను. మందు కొనుక్కురాడానికి నాయనను పంపుదామా అనుకున్నాను. ఏమీ చేయలేదు. లైట్లు ఆరాయి.

ఆ సీను వచ్చింది. వాళ్లమ్మ ముందే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, ఏం రాబోతోందో తెలుసు కాబట్టి. తెరమీద ఆయన ఊసేశాడు. డప్పులు మోగాయి. హాలంతా ఒక్కసారిగా నవ్వు. నాయన తొడ చరుచుకుని నవ్వాడు, మన ఇంట్లో చట్టి ఉందన్న ఊహే లేదు ఆయనకు. తెర వెలుగులో ఇటు చూశాను. అమ్మ నవ్వడంలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, తప్పు చేసి దొరికిన పిల్లలా కూర్చుంది. అటు చూశాను. అతని నాన్న కూడా నవ్వడంలేదు. అంత పెద్ద హాల్లో నాకు కనిపించినంతవరకు నవ్వనివాళ్లు వాళ్లిద్దరే. అమ్మ ఎందుకు నవ్వలేదో తెలుసు. ఆయన ఎందుకు నవ్వలేదో తెలియలేదు.

తిరుగుదారిలో నెల్లూరు దాటకముందే అమ్మ కారు ఆపించింది. "కోడిమాంసం తీసుకుందాం" అంది.

"కోడెందుకు? నిన్న చేసిన..." అని నాయన వెనక్కి తిరిగాడు. నేను ఆయన భుజం గట్టిగా గిల్లాను. "నాయనా, నాకు తినాలనుంది" అన్నాను. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి దిగాడు.

ఇంటికొచ్చి అమ్మ సరాసరి వంటింట్లోకి పోయింది. నేను వెళ్లేసరికి చట్టిని వడ్ల బస్తాల గదిలోకి చేర్చి, పైన తడిగుడ్డ కప్పుతోంది.

"ముందే తెలుసా నీకు?"

"తెలుసు."

"చెప్పుంటే పొద్దున్నే చేసుందును గదమే." తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఉల్లిపాయలు తరగమని నా చేతికి కత్తిపీట ఇచ్చింది.

మూడు దాటాక అమ్మ తప్ప అందరం భోజనానికి కూర్చున్నాం. కోడికూర, రొయ్యల వేపుడు, పప్పు, గడ్డపెరుగు. అమ్మ ఒక్కొక్కటే వడ్డిస్తోంది. వాళ్లమ్మ విస్తరంతా ఒకసారి చూసి నవ్వుతూ అడిగింది.

"చేపల పులుసు ఏది వదినె? దానికోసమే వచ్చినం ఇంత దూరం."

"చేపలు దొరకలేదమ్మా" అంది అమ్మ.

నాయన నోరు తెరిచాడు. నేను ఆయనకేసి గుడ్లురిమాను. మూసుకున్నాడు.

అతని నాన్న ముద్ద కలిపినవాడు చెయ్యి ఆపాడు. "పొద్దుగాల తొవ్వల బుట్టలకు బుట్టలు జూసినం" అన్నాడు మెల్లిగా. "సముద్రం పక్క ఇంట్ల చేపలు లెవ్వంటే..." ఆగాడు. "పిల్లనిచ్చుడు మీకు ఇష్టం లేకుంటే మొఖం మీదనే చెప్పుండ్రి అన్నా. మేమేమనుకోం. ఈ రాత్రి రైలుకు పోతం."

అతను తల దించుకున్నాడు. మాటిచ్చి వచ్చినవాడు కదా. నాకు ఒళ్లు మండిపోయింది. అతనిమీద, ఆ సినిమా తీసినవాళ్లమీద, అన్నింటికంటే ఎక్కువ నామీద. విస్తరి ముందునుంచి లేచాను. బస్తాల గదిలోకి పోయి, గుడ్డ తీసి, చట్టిని రెండు చేతులా పట్టుకొచ్చి ఆయన ముందు పెట్టాను.

"ఇదిగోండి అంకుల్, పులుసు. మా నాయన నిన్న పొద్దున్నే సముద్రం ఒడ్డుకు పోయి తెచ్చిన చేప. నిన్న సాయంత్రం చేసింది మా అమ్మ. మీకోసమే చేసింది. మాకిదే మర్యాద. సినిమా చూసి భయపడి దాచేసింది."

"నిన్నటిది అన్నయ్యా, మీకు పెట్టేది కాదు" అంటూ అమ్మ చట్టి లాక్కోబోయింది. తను చేసిన పులుసు గురించి అమ్మ అలా అనడం నేను ఎప్పుడూ వినలేదు.

ఆయన చట్టిలోకి వంగి చూశాడు.

"సీన్మల నేను నవ్వలే" అన్నాడు. "పదేండ్ల పిలగానప్పుడు దొరోళ్ల ఇంట్ల జీతమున్న. పొద్దుగాల వండింది వాళ్లు తినేటోళ్లు. మాకు నిన్నటిది, దూరంకెల్లి పోసేటోళ్లు. వాసనొచ్చినా తినేటోళ్లం. నిన్నటి కూరంటే నాకు అదే యాదికొస్తది బిడ్డా. జనం ఎందుకు నవ్విండ్రో నాకు తెల్వలే." తర్వాత నాయనను అడిగాడు. "మరి మీరు ఏం తింటరు? మీరు గూడ ఇదే తింటరా?"

"మేమూ ఇదే అన్నా. ఇంట్లో అందరం."

"అయితే నా ముంగట తినుండ్రి. అక్కను గూడ కూసోమనుండ్రి."

వచ్చినవాళ్లు తినకుండా అమ్మ విస్తరి ముందు కూర్చున్నది నేనెరగను. కూర్చుంది. నేనే వడ్డించాను. అందరూ చూస్తుండగా అన్నంలో పులుసు కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. సొంతింట్లో, తన చేతి వంట మంచిదేనని రుజువు చేసుకోవడానికి తింటోంది మా అమ్మ. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అప్పుడు నా ఆలోచన అమ్మ గురించి కాదు. ఆయన తింటాడా, తినడా అని మాత్రమే.

ఆయన విస్తరి ముందుకు జరిపాడు. "ఇంత పులుసు పొయ్యి బిడ్డా" అన్నాడు. మూడుసార్లు వేయించుకున్నాడు. తలకాయ ముక్క అడిగి మరీ తిన్నాడు. సాయంత్రం స్టేషనుకు బయల్దేరేముందు కొడుకుతో "సరే" అన్నాడు. అంతే అన్నాడు. నేను బావి దగ్గరికి పోయి ఏడ్చాను.

పెళ్లయి మూడేళ్లయింది. మా మామయ్య ఇప్పుడు మా ఊరికి వచ్చేముందు రోజు నాకు ఫోన్ చేస్తాడు. "రేపొస్తున్న, ఇయ్యాలనే వండుమను మీ అమ్మను" అంటాడు. ఆయనకూ అమ్మకూ మధ్య ఏ లోటూ లేదు. నాకంటే ఆయన మాటే ఎక్కువ వింటుంది.

పోయిన వేసవిలో మా ఆయన స్నేహితులు నలుగురు హైదరాబాదునుంచి మా ఊరు చూడ్డానికి వచ్చారు. అమ్మ ముందురోజే పులుసు చేసింది. వాళ్లు విస్తర్ల ముందు కూర్చున్నారు. అమ్మ చట్టి తెచ్చి వాళ్లకు ఎదురుగా కూర్చుని, చిన్న పళ్లెంలో రెండు మెతుకులు, కాస్త పులుసు వేసుకుంది. అందరికీ కనపడేలా ఒక ముద్ద తింది. తిని, లేచి, చెయ్యి కడుక్కుని, అప్పుడు వడ్డించడం మొదలుపెట్టింది. నేను చూస్తూ ఉండిపోయాను. ఎప్పట్నుంచి చేస్తోందిలా అని నాయనను అడిగితే, "నీ పెళ్లి కాడ్నుంచి, బయటోళ్లు ఎవురొచ్చినా అంతే" అన్నాడు.

ఆ నలుగురిలో ఒకమ్మాయి ముచ్చటపడి అడిగింది. "ఆంటీ, ఇలా ముందు మీరు తిని పెట్టడం మీ నెల్లూరు ఆచారమా?"

"అవునమ్మా, మా వైపు అంతే" అంది అమ్మ.

మా ఆయన తల వంచుకుని అన్నం కలుపుకుంటున్నాడు. ప్రతి మాటకూ ఎదురు చెప్పే నేను ఆ మాటకు నోరెత్తలేకపోయాను. మా అమ్మమ్మ ఎంతోమందికి వడ్డించింది, మా నాయనమ్మ వడ్డించింది. వాళ్లలో ఎవరూ అలా తిని చూపించలేదు.